నల్లచొక్కా ఎర్రబడే కెమెరా

కార్తీకం అడుగుపెట్టిందంటే మార్కాపురం బస్టాండు నిండా నల్లబట్టల అయ్యప్పస్వాములే. నలుగురు స్వాములను వరసగా నిలబెట్టి మామూలు ఫోనుతో ఫొటో తీస్తే నలుపు నలుపుగానే పడుతుంది. అదే చోట, అదే ఎండలో, లోపలి గాజుపలక తీసేసిన డిజిటల్ కెమెరాతో తీస్తే మాత్రం కథ మారిపోతుంది. ఒకరి చొక్కా నేరేడుపండు మరకలా, ఇంకొకరి లుంగీ ఇటుకపొడిలా తేలుతుంది. మూడో ఆయన కండువా ఒక్కటే చెక్కుచెదరకుండా నల్లగా ఉంటుంది. వెనకున్న వేపచెట్టు వాడిపోయినట్టు కనిపిస్తుంది. బట్టల కొట్టాయన మోసం చేయలేదు, కెమెరా చెడిపోనూ లేదు. కొన్ని నల్ల అద్దకాలు కంటికి కనిపించే వెలుగునంతా మింగేసి, కనిపించని పరారుణ కిరణాలను మాత్రం తిప్పికొడతాయి. గాజుపలక లేని కెమెరా వాటినీ చూస్తుంది. మూడో కండువా అద్దకం వేరే రకం, అంతే.

ఫొటోగ్రాఫర్లు ‘మాడిఫై చేసిన కెమెరా’ అనేది ఇలాంటిదాన్నే. కెమెరా గుండెకాయ అయిన సిలికాన్ సెన్సారుకు సుమారు 350 నానోమీటర్ల నుంచి 1100 నానోమీటర్ల దాకా వెలుగు తెలుస్తుంది. మనిషి కన్ను చూసేది 400 నుంచి 700 మధ్యే. ఈ తేడాను పూడ్చడానికి కంపెనీలు సెన్సారు ముందు లేత నీలిపచ్చ గాజు ఒకటి బిగిస్తాయి. అది పరారుణాన్ని ఆపేస్తుంది, ఎరుపు చివరి అంచును కూడా బాగా తగ్గిస్తుంది. కెమెరా రంగులు మన కంటికి దగ్గరగా రావడంలో ఆ చిన్న గాజుదే పెద్ద పాత్ర. దాన్ని తీసిన మరుక్షణం కంపెనీ వేసిన రంగుల లెక్కలన్నీ తప్పుతాయి.

మార్పులోనూ రెండు రకాలున్నాయి. కొత్తగా దిగినవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుని తికమకపడుతుంటారు. మొదటిది ఆకాశం ఫొటోల కోసం చేసేది. ఇందులో కంపెనీ గాజు తీసి, ఎరుపు అంచును పూర్తిగా వదిలి పరారుణాన్ని మాత్రం ఆపే వేరే గాజు పెడతారు. రెండోది ‘ఫుల్ స్పెక్ట్రమ్’. దీంట్లో ఏ అడ్డూ ఉండదు, ఉత్త పారదర్శక గాజు ఉంటుంది. మొదటి రకం కెమెరా పగటిపూట కాస్త ఎర్రగా తీస్తుంది, దిద్దుకోవచ్చు. రెండో రకం కెమెరా చూసేది అసలు వేరే లోకం.

వేరే లోకమని అన్నా, ఊళ్లో చాలామంది దాన్ని చూసే ఉంటారు. కిరాణా కొట్లలో సీసీ కెమెరా తెర ఒక్కోసారి పట్టపగలే గులాబీ రంగులోకి తిరిగి, చెట్లు తెల్లబారి, మనుషుల మొహాలు పాలిపోయి కనిపిస్తాయి. ఆ కెమెరాల్లో పరారుణాన్ని ఆపే గాజు ఒక చిన్న రెక్కలా కదులుతూ ఉంటుంది. పొద్దు గూకగానే ‘టిక్’మని పక్కకు జరుగుతుంది, తెల్లారగానే తిరిగొస్తుంది. అది ఇరుక్కుపోయిందంటే ఆ సీసీ కెమెరా, పనిగట్టుకుని మాడిఫై చేయించిన కెమెరా ఒకటే.

ఇక తెలుపు సంగతి. వైట్ బ్యాలెన్స్ అనగానే ఏదో మాయ అనుకుంటారు గానీ అది ఉత్త హెచ్చవేత. సెన్సారు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల ఫిల్టరు ఉంటుంది. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు వచ్చింది. ఒక తెల్లగోడను ఫొటో తీస్తే మూడు రంగుల గళ్లలో మూడు వేర్వేరు అంకెలు పడతాయి. ఎరుపును ఇంతతో, నీలాన్ని ఇంతతో హెచ్చవేసి మూడింటినీ సమానం చేస్తే గోడ తెల్లనవుతుంది. మామూలు కెమెరాలో పగటి వెలుతురుకు ఎరుపును సుమారు రెండుతో, నీలాన్ని సుమారు ఒకటిన్నరతో హెచ్చవేయాల్సి వస్తుంది. గాజు తీసేశాక ఎరుపు గళ్లలోకి వెలుగు వరదలా వస్తుంది కాబట్టి ఆ రెండు కాస్తా ఒకటి దగ్గరికి దిగిపోతుంది. కెమెరాకు ఈ సంగతి తెలియదు. పాత అలవాటు కొద్దీ రెండుతోనే హెచ్చవేస్తుంది. ఫొటో ఎర్రబడేది అందుకే.

సరైన అంకెతో హెచ్చవేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. గోడకు సరిపోతుంది, ఆకుకు సరిపోదు. లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు సర్ది ఒక ఉదాహరణ చూద్దాం. ఫుల్ స్పెక్ట్రమ్ కెమెరాలో తెల్లగోడ నుంచి ఎరుపు గడికి 50 పాళ్లు కనిపించే వెలుగు, 50 పాళ్లు పరారుణం అందాయనుకుందాం. ఆకుపచ్చ గడికి 60, 30. నీలం గడికి 50, 25. మొత్తాలు 100, 90, 75. ఆకుపచ్చను 1.11తో, నీలాన్ని 1.33తో హెచ్చవేస్తే మూడూ 100 అయి గోడ తెల్లబడింది. ఇప్పుడు పచ్చని ఆకు సంగతి. గోడతో పోలిస్తే అది ఎరుపులో ఏడున్నర శాతం, ఆకుపచ్చలో 15, నీలంలో 6 శాతం వెలుగునే తిప్పికొడుతుంది. పరారుణంలో మాత్రం ఏకంగా 60 శాతం. అవే హెచ్చవేతలు చేస్తే ఆకు అంకెలు సుమారు 34, 30, 24గా తేలతాయి. అది ఎండుటాకు రంగు. పచ్చదనం పోయింది, గోడ మాత్రం మల్లెపువ్వులా ఉంది. తెలుపు దిద్దినంత మాత్రాన రంగు దిద్దినట్టు కాదని ఈ ఆకే సాక్ష్యం. లోపలికొచ్చి కలిసిపోయిన పరారుణాన్ని ఏ హెచ్చవేతా విడదీయలేదు, ఏ సాఫ్ట్‌వేరూ వెలికితీయలేదు. ఆకులు పరారుణంలో తెల్లగా మెరుస్తాయని అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1910లోనే ఫొటోలు తీసి చూపించాడు. ఆయన పేరు మీదే దీన్ని ‘వుడ్ ఎఫెక్ట్’ అంటారు.

కాబట్టి ఫుల్ స్పెక్ట్రమ్ కెమెరాతో పెళ్లి ఫొటోలు తీయాలంటే దారి ఒక్కటే. తీసేసిన అడ్డును లెన్సు ముందు మళ్లీ పెట్టాలి. అతినీలలోహితాన్నీ పరారుణాన్నీ ఆపే ఫిల్టర్లు మరలాగా లెన్సుకు తిప్పి బిగించుకునేలా దొరుకుతాయి. అవి పెట్టాక కూడా రంగు కంపెనీ లెక్కకు అచ్చంగా సరిపోదు, కానీ దిద్దుకోగలిగినంత దగ్గరికి వస్తుంది.

దిద్దడానికి ఒక ఆధారం కావాలి. ఈ విషయంలో మార్కాపురం ప్రాంతానికి తనదైన వాటా ఉంది. మార్కాపురం చుట్టుపక్కల భూమి పొరలుపొరలుగా పలకరాయి. భూగర్భశాస్త్రవేత్తలు ఆ పొరలకు పెట్టిన పేరు కూడా ఇక్కడి ఊరిదే, కంభం ఫార్మేషన్. కడప బేసిన్‌లోని నల్లమల శిలావర్గంలో అదొక భాగం. తెలుగునాట తరతరాల పిల్లలు అఆలు దిద్దిన పలకలు ఈ రాయి చీల్చి, చెక్క చట్రం బిగించి చేసినవే. నోటుపుస్తకాలు వచ్చి రాతపలక గిరాకీ పడిపోయాక అదే రాయి నేలకూ గోడలకూ పరిచే టైల్సుగా మారి విదేశాలకు వెళ్తోంది. ఊరి బయట క్వారీల దగ్గర పలకతుక్కు గుట్టలుగా పడి ఉంటుంది.

బూడిదరంగు పలకకు ఆ రంగు ఎక్కువగా దానిలోని కర్బనం వల్ల వస్తుంది. కర్బనానికి ఒక మంచి గుణం ఉంది. కంటికి కనిపించే వెలుగైనా పరారుణమైనా దాదాపు ఒకేలా మింగుతుంది. అందుకే అయ్యప్పస్వామి చొక్కా ఎర్రబడిన కెమెరాలోనే పలక మాత్రం బూడిదగానే నిలబడుతుంది. అలాగని ఫొటోగ్రాఫర్లు కొనే 18 శాతం బూడిద కార్డుకు పలక సాటి రాదు. పచ్చఛాయ పలకలో క్లోరైట్ ఉంటుంది, ఎర్రఛాయలో ఇనుము ఉంటుంది. తడిస్తే ముదురుతుంది, ఏటవాలు వెలుగులో మెరుస్తుంది. అయినా, కెమెరాలోకి పరారుణం ఎంత చొరబడుతోందో తేల్చుకోవడానికి పొడిగా ఉన్న బూడిద పలక, దానిమీద ఒక పచ్చని ఆకు, ఒక నల్ల సింథటిక్ గుడ్డముక్క చాలు. మూడింటినీ ఎండలో పెట్టి ఒక్క ఫొటో తీసి, పలక బూడిదయ్యేలా వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. ఆకు పచ్చగా, గుడ్డ నల్లగా వచ్చాయంటే ఫిల్టరు పని చేస్తున్నట్టే. గుడ్డ ఎర్రబడిందంటే పరారుణం ఎక్కడో కారుతోంది.

తెల్లనివన్నీ తెలుపుకు ఆధారంగా పనికిరావు. ఉతికిన తెల్లపంచె చూడటానికి ముచ్చటగా ఉంటుంది, నీలిమందు వేసి ఉంటారు. సబ్బుపొడిలోని మెరుగు రసాయనాలు అతినీలలోహితాన్ని మింగి నీలం వెలుగును కక్కుతాయి. ఎ4 కాగితం సంగతీ అంతే. సున్నం కొట్టిన గోడ మంచిదే కానీ, సున్నంలో నీలి కలిపే అలవాటు మన ఊళ్లలో ఎక్కువ. సుద్దముక్క వీటికంటే నమ్మకమైనది. అన్నిటికంటే నిఖార్సైన తెలుపు పదీ పాతిక రూపాయలకు హార్డ్‌వేరు కొట్లో దొరుకుతుంది. ప్లంబర్లు కొళాయి మరలకు చుట్టే టెఫ్లాన్ టేపు అది. ఒక అట్టముక్క మీద పది పదిహేను పొరలు చుడితే, అతినీలలోహితం నుంచి పరారుణం దాకా అన్నిటినీ దాదాపు సమానంగా తిప్పికొట్టే తెల్లపలక తయారవుతుంది. ప్రయోగశాలల్లో వేల రూపాయలు పోసి కొనే తెల్ల ప్రమాణ పలకలు కూడా ఈ టెఫ్లాన్ పదార్థంతో చేసినవే.

ఆధారం దొరికాక చేయాల్సింది కష్టమేమీ కాదు. కెమెరా మెనూలో ‘కస్టమ్’ లేదా ‘ప్రీసెట్’ వైట్ బ్యాలెన్స్ ఎంచుకుని ఆ తెలుపును తెరనిండా చూపించాలి. బాగా ఎర్రబడిన కెమెరాలో కొన్ని మోడళ్లు ఈ కొలతను ఒప్పుకోవు, సాధ్యం కాదని మొండికేస్తాయి. అప్పుడు సెన్సారు అంకెలను ఉన్నవి ఉన్నట్టు దాచే రా (RAW) ఫైలే దిక్కు. రా ఫైలులో వైట్ బ్యాలెన్స్ పక్కన రాసిపెట్టుకున్న చీటీ లాంటిదే తప్ప అసలు అంకెలను ముట్టుకోదు కాబట్టి తర్వాత ఎంతైనా మార్చుకోవచ్చు. ఇక్కడా ఒక చిక్కుంది. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేరులో ఉష్ణోగ్రత మీట 2000 కెల్విన్ల దగ్గర ఆగిపోతుంది. పరారుణం నిండిన ఫొటో అక్కడికీ ఎర్రగానే ఉంటుంది. అడోబీ వాళ్ల డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్ అనే ఉచిత పరికరంలో ఆ కెమెరాకంటూ ఒక ప్రొఫైల్ తయారుచేసి ఆ హద్దునే పక్కకు జరుపుతారు.

తెలుపు కుదిరాక మిగతా రంగుల వంతు. ప్రతి కెమెరా మోడలుకూ మూడు అడ్డవరసలు, మూడు నిలువు వరసల్లో తొమ్మిది అంకెల పట్టిక ఒకటి ఉంటుంది. సెన్సారు చూసిన రంగును మనిషి చూసే రంగులోకి మార్చే పట్టిక అది. గాజు మారితే ఆ పట్టికా మారాలి. 24 రంగుల గళ్లుండే కలర్‌చెకర్ అట్టను ఎండలో ఒకసారి, ఇంట్లో దీపం కింద ఒకసారి ఫొటో తీసి ఆ కెమెరాకు కొత్త ప్రొఫైల్ కట్టడం అందరూ పాటించే పద్ధతి. ఆకాశం కోసం మార్చిన కెమెరాకు ఇది చక్కగా కుదురుతుంది. పెళ్లికూతురి పట్టుచీరలో కుంకుమరంగుకూ రాణీరంగుకూ తేడా మళ్లీ తెలుస్తుంది.

అన్నీ కుదిర్చాక ఆటోలో వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పాతకాలపు ఆటో వైట్ బ్యాలెన్సు ఒక నమ్మకం మీద నడిచేది. లోకంలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద వస్తుందని దాని ఊహ. గిద్దలూరు నుంచి బేస్తవారిపేట వైపు ఎర్రమట్టి చేలలో నిలబడి ఫొటో తీసేవాడికి ఈ ఊహ ఎంత ఉత్తదో తెలుస్తుంది. తెరంతా ఎర్రమట్టే అయితే కెమెరా దాన్ని తగ్గించబోయి కంది చేను మీదికి లేని నీలం తెస్తుంది. ఇప్పటి కెమెరాలు కాస్త తెలివిమీరాయి గానీ, ఆ తెలివి మొత్తం కంపెనీ గాజు ఉందనే లెక్క మీద నేర్చుకున్నది.

కెమెరాను ఇంత కష్టపెట్టడం ఎందుకంటే, ఆకాశం కోసం. హైడ్రోజన్ మేఘాలు వెలిగేది ముఖ్యంగా 656.3 నానోమీటర్ల ఎరుపులో. కంపెనీ గాజు సరిగ్గా ఆ ఎరుపులో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది. కంపెనీలు కూడా ఈ ఇబ్బంది గుర్తించి ప్రత్యేక మోడళ్లు తెచ్చాయి. కెనాన్ 2005లో 20డీఏ, 2012లో 60డీఏ, 2019లో ఈఓఎస్ ఆర్ఏ తీసుకొచ్చింది. నికాన్ 2015లో డీ810ఏ తెచ్చి, మామూలు డీ810 కంటే ఆ ఎరుపు నాలుగింతలు అందుతుందని చెప్పింది. ఇవి కొనే స్తోమత లేనివాళ్లే పాత కెమెరాలు విప్పించుకుంటారు.

నల్లమల అంచున చీకటి ఇంకా మిగిలే ఉంది. శివరాత్రి కృష్ణపక్ష చతుర్దశి కాబట్టి దాదాపు రాత్రంతా చంద్రుడు ఉండడు. త్రిపురాంతకం కొండ మీద విద్యుద్దీపాల తోరణాలు వెలుగుతుంటాయి. అక్కడికి దూరంగా కంభం చెరువు కట్ట లాంటి చోటికి జరిగితే పొద్దు గూకగానే గొల్లకావడి మూడు చుక్కలు, వాటి కింద ఓరియన్ నీహారిక, పడమటి వైపు పిల్లలకోడి (కృత్తిక) కనిపిస్తాయి. మార్చిన కెమెరాకు నీహారిక, పిల్లలకోడి రెండూ మంచి పరీక్ష. నీహారిక తనంతట తాను ఎర్రగా వెలిగే వాయువు. పిల్లలకోడి చుట్టూ ఉన్నది నక్షత్రాల నీలం వెలుగును చెదరగొట్టే ధూళి. వైట్ బ్యాలెన్స్ ఎరుపుకు ఒరిగితే పిల్లలకోడి ఊదాగా మారుతుంది. నీలానికి ఒరిగితే నీహారిక వెలిసిపోతుంది. హైడ్రోజన్ 656.3 దగ్గరే కాక 486.1 నానోమీటర్ల నీలిపచ్చలోనూ వెలుగుతుంది కాబట్టి నీహారిక అసలు రంగు గులాబీకి దగ్గర. సోషల్ మీడియాలో కనిపించే నెత్తుటి ఎరుపు కెమెరాది కాదు, మీట లాగినవాడిది.

ఆకాశంలో పలకా ఉండదు, టెఫ్లాన్ టేపూ ఉండదు. అక్కడ తెలుపుకు ప్రమాణం సూర్యుడి జాతి నక్షత్రం. ఖగోళశాస్త్రంలో దాన్ని జీ2వీ వర్గమంటారు. ఫొటోలో అలాంటి నక్షత్రం తెల్లగా వచ్చేలా దిద్దితే మిగతావి వాటి రంగుల్లోకి వస్తాయి, ఆర్ద్ర నక్షత్రం నారింజ ఛాయలో, రైగెల్ నీలిఛాయలో. ఇప్పుడీ పని పిక్స్ఇన్‌సైట్, సిరిల్ లాంటి సాఫ్ట్‌వేర్లు చేస్తున్నాయి. ఐరోపా గయా వ్యోమనౌక పరిశీలనలతో 2022 జూన్‌లో విడుదలైన మూడో జాబితాలో దాదాపు 22 కోట్ల ఖగోళ వస్తువుల వర్ణపటాలున్నాయి. ఫొటోలోని చుక్కలను ఆ జాబితాతో పోల్చి, వాడిన సెన్సారు, ఫిల్టరు వివరాలు కూడా కలుపుకుని హెచ్చవేతలు కడతారు. మార్చిన కెమెరాకు ఇంతకంటే న్యాయమైన తూకం లేదు. చుక్కకూ చుక్కకూ రంగు తేడా కొలవడం మన గడ్డకు కొత్తేమీ కాదు. నవాబు జాఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆకాశమంతా ఫొటో పలకల మీదికెక్కించే అంతర్జాతీయ పథకంలో పాలుపంచుకుంది. ఆనాటి గాజుపలకలకు నీలమే బాగా కనిపించేది, ఎరుపు ఆనేది కాదు. కంటికి ధగధగలాడే ఆర్ద్ర వాటి మీద డీలా పడిపోయేది. కంటికి కనిపించిన ప్రకాశానికీ పలక మీద పడిన ప్రకాశానికీ ఉన్న ఆ తేడానే నక్షత్రం రంగుకు కొలత అయింది.

అర్ధరాత్రి ప్రాంతంలో, దక్షిణాన కొండ అడ్డంలేని చోట కెరీనా నీహారిక తనకు వీలైనంత పైకి చేరుతుంది. మార్కాపురం అక్షాంశం 15.7 డిగ్రీలు కాబట్టి అది దిగంతం మీద 15 డిగ్రీల లోపే ఉంటుంది. అంత కిందికి చూసినప్పుడు నడినెత్తిన ఉన్నదానికి దాదాపు నాలుగింతల గాలి దాటి వెలుగు రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. గొల్లకావడికి కుదిర్చిన వైట్ బ్యాలెన్సును అలాగే ఉంచి కెరీనా తీస్తే తుప్పు రంగు వస్తుంది. దాన్ని విడిగా దిద్దుకోవాలి. కింద ఊరి దీపాలదొక తలనొప్పి. పాత సోడియం దీపం పసుపును ఫిల్టరుతో చాలావరకు వడగట్టవచ్చు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన వీధిదీపాల పథకంతో ఊరూరా వచ్చిన ఎల్‌ఈడీల తెలుపు అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది, వడగట్టడం కష్టం.

కెమెరా విప్పే పని గురించి రెండు ముక్కలు. ఫ్లాష్ ఉన్న కెమెరాలో కెపాసిటర్ బ్యాటరీ తీశాక కూడా షాక్ కొట్టగలదు. సెన్సారు మీద పడిన ఒక్క ధూళికణం ప్రతి ఫొటోలోనూ మచ్చై కూర్చుంటుంది. గాజు తీసి ఏమీ పెట్టకపోతే ఫోకసు గాజు మందంలో సుమారు మూడోవంతు జరుగుతుంది. 2 మిల్లీమీటర్ల గాజయితే అది సుమారు 0.7 మిల్లీమీటర్లు. ఆ కాస్త తేడాకే లెన్సు దూరాన ఉన్న చుక్కల మీద ఫోకసు కాకుండా పోతుంది. అందుకే తీసిన మందానికి తగ్గ గాజు తిరిగి పెడతారు.

మార్చిన కెమెరాలకు చేలలో ఉండే పని వేరు. పరారుణానికీ ఎరుపుకూ తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ అనే సూచిక వస్తుంది. మిరపచేను ఎంత నవనవలాడుతోందో ఆ అంకె చెబుతుంది. ఇందులో వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టామంటే మబ్బు కమ్మినప్పుడల్లా పైరు జబ్బుపడినట్టు తేలుతుంది. అందుకే డ్రోను ఎగిరేముందు, దిగాక, తిప్పికొట్టే శాతం ముందే తెలిసిన పలకను ఫొటో తీసుకుంటారు.

ఇక రంగు అక్కర్లేని కెమెరాలు నల్లమల లోపల ఉన్నాయి. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో మార్కాపురం అటవీ డివిజన్ ఒక భాగం. ఇలాంటి అడవుల్లో వాడే కొన్ని ట్రాప్ కెమెరాలు పగలు రంగులో, రాత్రి పరారుణ దీపం వెలుగులో నలుపు తెలుపులో తీస్తాయి. ఒక పులిని ఇంకో పులి నుంచి వేరుచేసేది చారలే కాబట్టి రాత్రి ఫొటోలో రంగు లేకపోయినా లెక్క ఆగదు. ఈ రకం కెమెరాల్లో 850 నానోమీటర్ల దీపానికి వెలుగు ఎక్కువ, కానీ దగ్గర్నుంచి మినుకుమినుకుమనే ఎర్రచుక్క కనిపిస్తుంది. 940 నానోమీటర్ల దీపం కంటికి ఆనదు కానీ, అంత దూరం వెలుగివ్వదు, చారల అంచులు కాస్త మెత్తబడతాయి. సీసీ కెమెరాలో ఉండే కదిలే రెక్కే వీటిలోనూ ఉంటుంది. అది ఇరుక్కున్న రోజున పగటి ఫొటోలో అడవి గులాబీగా, పులి పాలిపోయి కనిపిస్తుంది, చారలు మాత్రం ఎప్పటిలాగే లెక్కకు అందుతాయి.